టీ బంకు దగ్గర ఒక మాట

పొద్దున కర్నూలు స్టేడియం బయట టీ తాగుతాంటే, స్పైక్స్ లేసులు ముడేసి మెడలో వేసుకున్న పిల్లోడొకడు ఫ్రెండుతో అంటున్నాడు:
"గంజాయికేం కాదులేరా, డోప్ టెస్టు సూదులేసుకునేటోళ్లకే!"

నా చేతిలో గ్లాసు అట్లే ఉండిపోయింది.

2021లో అమెరికా స్ప్రింటర్ షకారి రిచర్డ్‌సన్ వాళ్ల దేశం ఒలింపిక్ ట్రయల్స్‌లో 100 మీటర్లు 10.86 సెకన్లలో గెలిచింది. కన్నతల్లి పోయిందని ఒక విలేకరి నోట విని, ఆ బాధలో గంజాయి తీసుకుందంట. మూత్రం టెస్టులో బయటపడింది. నెల నిషేధం. టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పాయె.

గంజాయి మీద నిషేధం పోటీలప్పుడే అంటారు గానీ, అలవాటైనోళ్ల ఒంట్లో అది కొవ్వులో దాక్కుని వారాల తరబడి బయటపడుతుంది. ఈ సంగతి ఈ పిల్లోళ్లకు ఎవరు చెప్పాల?

నేను లేచేలోపల వాడు ట్రాక్ మీదికి పోయినాడు.
బాగా పరిగెత్తుతున్నాడప్పా, అదే బాధ.

కడప, కర్నూలు కోచ్ అన్నలూ, గ్రౌండ్లో ఈ మాట ఎత్తుతారా మీరు?