ఈసీలో ఒక్క లైను

తెనాలిలో మా ఇంటిపైన ఇంకో పోర్షన్ వేద్దామని హోమ్ లోన్‌కి అప్లై చేశాను. నా జీతం, సిబిల్ స్కోర్ అన్నీ ఓకే. ఇల్లు నాన్న పేరు మీద ఉంది కదా, 30 ఏళ్ల ఈసీ తెమ్మన్నారు. డౌన్‌లోడ్ చేస్తే అందులో ఓ లైను: 2001లో తనఖా, 60 వేలు. చిన్నత్త పెళ్లికి వీధి చివరి వడ్డీ వ్యాపారి దగ్గర నాన్న చేసిన అప్పు.

"అది 2004లోనే కట్టేశాను కదరా. పత్రం తర్వాతిస్తా అన్నాడు. పదేపదే అడిగితే బాగోదని ఊరుకున్నా" అన్నాడు నాన్న.

రసీదు లేదు. ఆ పెద్దాయనా లేడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగితే, వాళ్లంతట వాళ్లు తీసేయడం కుదరదట. అప్పిచ్చినవాళ్లు విడుదల పత్రం రిజిస్టర్ చేయాలి, లేదా కోర్టు డిక్రీ కావాలి. పెద్ద కొడుకుని కలిశాం. "మా నాన్న లెక్కలు మాకు తెలీవు. 3 లక్షలిస్తే సంతకం పెడతాం" అన్నాడు. రెండు రూపాయల వడ్డీకి ఇన్నేళ్లకి అది తక్కువేనట!

లాయర్ గారు రెండు దారులు చెప్పారు. మొదటిది ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 83. బాకీ మొత్తం కోర్టులో డిపాజిట్ చేస్తే, కోర్టు అవతలివాళ్లకి నోటీసిస్తుంది. వాళ్లు ఒప్పుకుని పత్రాలు అప్పగిస్తే డబ్బు వాళ్లది, తనఖా తీరిపోతుంది. రెండోది తనఖా విడిపించమని దావా. దానికి గడువు 30 ఏళ్లు, కాబట్టి మాకింకా టైముంది. తనఖా మీద బాకీ వసూలుకి దావా వేయడానికి వాళ్లకున్నది 12 ఏళ్లే, అదెప్పుడో దాటిపోయింది. అయినా ఈసీలో లైను మాత్రం దానంతటది పోదు. ఈ ముక్క నాకు అస్సలు తెలీదు.

నేను మొదటి దారికే మొగ్గాను. డబ్బు పడేస్తే పని అయిపోతుందిగా. నాన్న ఒప్పుకోలేదు.

"కట్టినవాణ్ణి మళ్లీ ఎందుకు కట్టాలిరా? అలా కడితే నేను ఎగ్గొట్టానని ఒప్పుకున్నట్టేగా."

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. నాకు లోన్ కనిపించింది, ఆయనకి పరువు. దావాయే వేశాం.

వారసులందర్నీ ప్రతివాదులుగా చేర్చాలి: ఇద్దరు కొడుకులు, కూతురు, పెద్దాయన భార్య. సమన్లు అందడానికే నెలలు పట్టింది. లోన్ సంగతి మర్చిపోయాను. చివరికి కేసు లోక్ అదాలత్‌కి వెళ్లింది. అక్కడికి ఆ పెద్దావిడ సంచిలో పాత ఖాతా పుస్తకం పట్టుకొచ్చింది. నాన్న పేరున్న పేజీకి అడ్డంగా గీత, పక్కన 'చెల్లు' అని.

"ఈయన డబ్బు తెచ్చిన రోజు నేనే మజ్జిగ ఇచ్చాను" అందావిడ, కొడుకుల వైపు చూడకుండా.

ఇక మాట్లాడ్డానికేం లేదు. రాజీ అయింది. లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కోర్టు ఫీజు కూడా వెనక్కొచ్చింది. అందరూ కలిసి విడుదల పత్రం రిజిస్టర్ చేశారు.

కొత్త ఈసీ తీసి నాన్నకి ఫోన్‌లో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"పాతది అలాగే ఉందేంట్రా?"

"అది పోదు నాన్నా. జరిగింది జరిగినట్టే ఉంటుంది, దాని కింద తీరిపోయిందని ఇంకో లైను పడుతుంది. మా కోడ్‌లోనూ అంతే."

కింది లైను మళ్లీ ఓసారి చదివి, ప్రింటు తీయించమన్నాడు.