అసీల్

మా ఇళ్ళల్లో చాలావాటికి పొలాల్లేవు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలొచ్చాయి, డెల్టా పచ్చబడింది, భూములున్నవాళ్ళు ఇంకా పైకొచ్చారు. మాకు మిగిలింది ఇంటెనక దొడ్డి. సెంటున్నరో, రెండు సెంట్లో. అందులో ఓ మునగచెట్టు, ఓ బోరింగు, ఓ కోళ్ళగూడు. పది పెట్టలు, ఒక పుంజు.

మా ఆడవాళ్ళ ఆస్తి అదే. మగవాళ్ళు సైకిలు షాపుకో, కుట్టు మిషను దగ్గరికో, అరటిపళ్ళ బండికో పోతారు. కోళ్ళ లెక్క మాత్రం అమ్మీదే. గుడ్ల డబ్బులు కొంగు ముడిలో ఉంటాయి. పిల్లల పుస్తకాలకీ, జ్వరం మందులకీ, రంజాన్ గాజులకీ ఆ ముడే విప్పాలి. తన మెహర్ ఎంత రాశారో మర్చిపోయిన ఆడమనిషి కూడా ఏ పెట్ట ఎన్ని గుడ్లు పెట్టిందో మర్చిపోదు.

వదిలేస్తే అవే తిరిగి తింటాయి కదా, కోళ్ళకేం పని అంటారు. పగలంతా పెంటకుప్ప గీరుకుని, కళ్ళంలో రాలిన గింజ ఏరుకుని బతుకుతాయి, నిజమే. కానీ పొద్దున్నే నూకలూ తవుడూ చల్లి లెక్క చూసుకోవాలి. సాయంత్రం అవే నూకలు చూపించి గూట్లోకి పిలిచి మళ్ళీ లెక్క చూసుకోవాలి. ఒకటి తగ్గితే ముంగిసా, జంగుపిల్లా, మనిషా అని తేల్చుకోవాలి. పెట్ట పొదుగుకొస్తే గంపలో గడ్డి పరిచి పది పన్నెండు గుడ్లు పెడతాం. అంతకు మించితే అది ఒళ్ళు కప్పలేదు, మంచి గుడ్లూ చెడిపోతాయి. వారం పోయాక రాత్రిపూట టార్చిలైటు పెట్టి చూసి, నరాలు కనపడని గుడ్డు తీసేస్తాం. ఇరవయ్యొకటో రోజుకి పిల్లలు. పేలు పడితే బూడిదలో పొర్లనివ్వాలి. పుంజు ఒకటే ఉండాలి. రెండుంటే అవి కొట్టుకుని చస్తాయి, పెట్టల్ని బతకనివ్వవు.

ఇంత చూసుకున్నా కొక్కెర తెగులు వచ్చిందంటే నాలుగు రోజుల్లో గూడు ఖాళీ. ఆకుపచ్చ పారుడు, వాలిపోయిన రెక్కలు, తిరిగిపోయిన మెడ. వచ్చాక మందు లేదు. ముందుగా వేయించే టీకానే దిక్కు. వారం పిల్లకి కంట్లో చుక్క, రెండు నెలలు దాటాక రెక్క కింద సూది. ఊళ్ళో అందరూ ఒకేసారి వేయిస్తేనే ఫలితం. తెగులుకి మా వీధీ మీ వీధీ లేదు.

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో ఫారం కోళ్ళకి బర్డ్ ఫ్లూ అని తేలింది. చుట్టూ కిలోమీటరు మేర వ్యాధి మండలమన్నారు. దొడ్లో కోడికి ఫారం సంగతి ఏం తెలుసు? రోగం ఆపాలంటే అంత పని చెయ్యాలి, కాదనం. కానీ ఎక్కడో ఏదో జరిగితే మా దొడ్లోకొచ్చి లెక్క అడగడం మాకు కొత్త కాదు.

ఇక పుంజు సంగతి. ఇక్కడ పందెం కోడిని జాతికోడి అంటారు. కాకి, డేగ, నెమలి, రసంగి అని ఈకల రంగుని బట్టి పేర్లు. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రం. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరులు లేస్తాయి. 1960 నాటి జంతుహింస చట్టం, 1974 నాటి జూదాల చట్టం కాదన్నా, 2016 డిసెంబరులో హైకోర్టు ఆపమన్నా ఆగలేదు. మా సంప్రదాయం అంటారు. ఆ సంప్రదాయపు కోడి జాతి పేరేమిటో తెలుసా? అసీల్. అరబ్బీ మాట. మేలైన పుట్టుక గలది అని అర్థం. ప్రభుత్వ జాబితాలో దాని సొంత నేల ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అని ఉంది. పేరు అరబ్బీ, ఊరు ఇదే. దాన్ని ఎవరూ అనుమానించలేదు.

మమ్మల్ని మాత్రం అడుగుతారు, "అసలు మీదే ఊరండీ?" అని. ఆచంట అంటాం, అత్తిలి అంటాం, రాజోలు అంటాం. "అది కాదండీ, అసలు..." అంటారు. రాజమండ్రి పెద్ద మసీదులో 1324 నాటి శాసనముంది. ఏడొందల ఏళ్ళు కూడా చాలడం లేదు. ఆ ప్రశ్నలో ఉన్న 'అసలు' అనే మాట అరబ్బీ 'అస్ల్' నుంచి వచ్చిందే. అసీల్‌కి తోబుట్టువు. ఆ మాట తెలుగైపోయింది, ఆ కోడి తెలుగైపోయింది. తెలుగులోనే ఏడ్చే మేం ఎందుకు కాలేదు?

మావాళ్ళనీ ఓ మాట అనాలి. జూదం హరామని అందరికీ తెలుసు. జంతువుల్ని పోట్లాడించొద్దని హదీసుంది. కోడిని తిట్టొద్దు, నమాజుకి లేపుతుందనీ ఉంది. అయినా పుంజుని మేపి పందేలకి అమ్మేవాళ్ళు మాలోనూ ఉన్నారు. పెళ్ళీడు పిల్లున్న ఇంటికి ఆ డబ్బు ఎన్నో నెలల కష్టం. మౌల్వీసాబు కోప్పడతారు. అప్పు తీర్చరు.

మా ఊళ్ళల్లో కోడిని కొయ్యమని మా దగ్గరికే తెచ్చేవాళ్ళు. అల్లుడొచ్చాడంటే పక్కింటి అమ్మగారు పెట్టని సంకనెట్టుకుని, "సాయిబుగారూ, కాస్త కోసిపెట్టండి" అంటూ వచ్చేది. నీళ్ళు తాగించి, బిస్మిల్లా అని కోసి, నెత్తురు పోయేదాకా పట్టుకుని చేతికిచ్చేవాళ్ళం. మా బిస్మిల్లా ఆమె కూరకి ఏనాడూ అడ్డం రాలేదు.

2022లో కర్ణాటకలో ఉగాది మర్నాటి పండక్కి హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం జరిగింది. అలాంటి మాటలు ఫోన్లలో మా ఊళ్ళదాకా వచ్చాయి. ఇప్పుడు పక్కింటి అబ్బాయి టౌను నుంచి కోసిన కోడి తెస్తున్నాడు. శ్రమ తక్కువని కావచ్చు. తీరిక లేక కావచ్చు. అంతకు మించి ఏమీ లేకపోవచ్చు. కానీ ఎందుకని అడగలేకపోతున్నాం. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం. ముప్పై ఏళ్ళు గోడకి గోడ ఆనుకుని బతికాక ఈ భయం ఎక్కణ్ణుంచి దాపురించింది?

మా పెట్ట మాత్రం ఇప్పటికీ గోడ దూకి వాళ్ళ గడ్డివాములోనే గుడ్డు పెడుతోంది. ఆ అమ్మగారు ఇప్పటికీ దాన్ని తీసి, మనవరాలి చేతికిచ్చి పంపుతోంది. పొదిగిన పిల్లల్లో రెండు వాళ్ళకిస్తాం. మాకు సహనం గురించి ఉపన్యాసాలు అక్కర్లేదు. ఈ రాకపోక ఆగకపోతే చాలు.