మాత్ర ఆపే తేదీ, మళ్లీ వేసుకునే తేదీ

మా ఇంట్లో రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లు ఇద్దరు. ఇక్కడ విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో మా ఆయన, అక్కడ తెనాలిలో మా అత్తయ్య. ఆయనకి గుండె లయ తప్పే జబ్బు. ఏఫిబ్ అంటారు, రోజుకు రెండు పూటలా అపిక్సాబాన్ వేసుకుంటారు. అత్తయ్యకి చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతపు జ్వరం గుండె కవాటాన్ని పాడుచేసింది. మైట్రల్ కవాటం తీసేసి లోహంతో చేసింది పెట్టారు. ఆవిడ రోజూ సాయంత్రం వేసుకునేది అసిట్రోమ్. రెండు మందులూ గడ్డ కట్టకుండా చూసేవే. కానీ ఏ పరీక్షకో, చిన్న ఆపరేషన్‌కో మాత్ర ఆపాల్సి వచ్చిందంటే ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు. అమెరికాలో ఉన్న పిల్లలు తమ డాక్టరు చెప్పింది విని, అదే మాట ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్లో చెప్పేయడం చూస్తుంటే నాకు భయం వేస్తుంది.

మా ఆయన సంగతి ముందు చెబుతాను. ఇక్కడ నలభై అయిదేళ్లు దాటినవాళ్లను పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టమంటారు. ఆయనకి కొలనోస్కోపీ రాశారు. ఆస్పత్రి పంపిన కాగితాల్లో ముందురోజు ఏం తినొచ్చు, పేగు శుభ్రం చేసే మందు ఏ గంటకు తాగాలి అన్నీ వివరంగా ఉన్నాయి. రక్తం పల్చబడే మందు దగ్గర మాత్రం ఒకటే వాక్యం: మీ డాక్టరును అడగండి. ఏ డాక్టరును? మాత్ర రాసింది గుండె డాక్టరు. పేగు లోపల పెరిగే కండ, అంటే పాలిప్ కనిపిస్తే కత్తిరించేది పేగుల డాక్టరు. మధ్యలో ఫ్యామిలీ డాక్టరు ఒకాయన. ఆపమని ఎవరు చెబుతున్నారో, ఆ మాట వాళ్ల పేరుతో రాసిస్తే తప్ప మాత్ర ఆపేది లేదని నర్సుకి చెప్పాను. ఆవిడ విసుక్కోలేదు. గుండె విభాగంలో ఈ మందుల లెక్కలు చూసే ఫార్మసిస్టుకి కలిపింది.

ఆ ఫార్మసిస్టు కిడ్నీ ఎలా ఉందో రక్తపరీక్షలో చూసింది. అపిక్సాబాన్‌లో కొంత భాగం కిడ్నీల ద్వారా పోతుంది. అవి నెమ్మదిస్తే మందు ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. పెద్ద పాలిప్ తీయాల్సి రావచ్చేమో అని కనుక్కుని, వారాల పేర్లతో సహా రాసి పంపింది. మంగళవారం పరీక్ష. శనివారం రాత్రి మాత్రే ఆఖరుది. ఆదివారం, సోమవారం రెండు పూటలూ వద్దు, మంగళవారం ఉదయమూ వద్దు. ఇలా రాయడం ఎంత మేలో! ‘రెండు రోజులు ఆపండి’ అని వదిలేస్తే పరీక్ష రోజు ఆ రెండింట్లోకి వస్తుందా రాదా అని ఇంట్లో తలో లెక్కా చెబుతారు.

బదులుగా హెపారిన్ ఇంజెక్షన్ అక్కర్లేదా అని అడిగాను. మా నాన్నగారి తరంలో మాత్ర ఆపితే ఇంజెక్షన్ పొడవడం మామూలే. ఆ అలవాటును కెనడా డాక్టరు జేమ్స్ డుకెటిస్ నాయకత్వంలో జరిగిన రెండు పరిశోధనలు మార్చాయి. 2015లో వచ్చిన మొదటిది పాత మందు వార్ఫరిన్ వాడే ఏఫిబ్ రోగుల మీద. ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలోనూ ఇవ్వనివాళ్లలోనూ గడ్డలు దాదాపు సమానంగానే వచ్చాయి, 0.3 శాతం, 0.4 శాతం. పెద్ద రక్తస్రావాలు మాత్రం ఇంజెక్షన్ వల్ల 1.3 శాతం నుంచి 3.2 శాతానికి పెరిగాయి. 2019లో వచ్చిన రెండోది అపిక్సాబాన్ లాంటి కొత్త మందుల మీద. రక్తస్రావం భయం తక్కువున్న పనికి ఒక రోజు ముందు, ఎక్కువున్న పనికి రెండు రోజుల ముందు ఆపారు. ఇంజెక్షన్ల ఊసే లేదు. అపిక్సాబాన్ వాడినవాళ్లలో పెద్ద రక్తస్రావం 1.35 శాతం, గడ్డ వల్ల ప్రమాదం 0.16 శాతం. ఈ అంకెలు చదివాకే నా మనసు కుదుటపడింది.

పరీక్షలో పాలిప్‌లు దొరికాయి, తీశారు. మత్తు దిగుతున్న మనిషికి ఆ పూట ఏం చెప్పినా గుర్తుండదు, అందుకే తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లే వినాలి, కాగితం తీసుకోవాలి. మళ్లీ మాత్ర గురువారం ఉదయం నుంచి అని రాయించుకునే కారెక్కాను. ఆపడం అందరికీ గుర్తుంటుంది, ఎందుకంటే ఆపకపోతే పరీక్ష చేయరు. మళ్లీ మొదలుపెట్టమని వెంటపడేవాళ్లు ఎవరూ ఉండరు. ఏఫిబ్ ఉన్నవాళ్లకి పక్షవాతం వచ్చేది ఆ మరిచిపోయిన వారాల్లోనే కావచ్చు.

ఇంకో మాట, మన ప్రవాసుల కోసం. పాలిప్ తీసిన చోట రెండు వారాల తర్వాత కూడా రక్తం రావచ్చు. సెలవు దొరికింది కదా అని పరీక్ష ముగించుకుని ఆ వారాంతమే హైదరాబాదు విమానం ఎక్కేవాళ్లున్నారు. అట్లాంటిక్ మీద రక్తం పడితే చేసేదేముంది? ప్రయాణం తర్వాతకి పెట్టుకోండి.

ఇక అత్తయ్య. ఆవిడ అసిట్రోమ్ వార్ఫరిన్ కుటుంబానిది, ఆ కుటుంబానికి పుట్టిల్లు మేముండే ఊరే. 1920లలో కెనడాలోనూ అమెరికా ఉత్తర మైదానాల్లోనూ బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు కొమ్ములు కోసినా, వట్టలు తీసినా నెత్తురు ఆగక చచ్చిపోయేవి. 1933 ఫిబ్రవరిలో మంచు తుఫానులో ఒక రైతు చచ్చిన ఆవుతో, గడ్డకట్టని నెత్తురు నింపిన పాలక్యానుతో మాడిసన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడి శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి వెతికి ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకున్నారు. దాని తోబుట్టువే వార్ఫరిన్: 1948లో ఎలుకల మందు, 1954 నుంచి మనుషుల మందు. చిన్న కోతకే ప్రాణం పోవడంతో బయటపడిన మందు ఇది. ఆ గడ్డి మాన్పించిన పశువులు కొన్నాళ్లకు తేరుకునేవట.

అత్తయ్యకి దవడపన్ను తీయాల్సి వచ్చినప్పుడు ఒక క్లినిక్‌లో అసిట్రోమ్ వారం రోజులు ఆపేసి రమ్మన్నారు. అదృష్టం, మా మరిది ముందు నాకు ఫోన్ చేశాడు. ‘వదినా, వారం అంటున్నారు, ఆపేయమంటావా?’ అన్నాడు. లోహపు మైట్రల్ కవాటం మీద వారం రోజులు మందు లేకపోతే గడ్డ కట్టి కవాటమే బిగుసుకుపోవచ్చు. గుండె డాక్టరుగారిని అడిగి రమ్మన్నాను. ఆయన ఒక్క పూట కూడా ఆపొద్దన్నారు. ముందురోజు, రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోమన్నారు. అది అదుపులో ఉంటే పన్ను తీసి, కుట్టు వేసి, రక్తం కారకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌తో పుక్కిలించుకుంటే చాలు. లోహపు కవాటం ఉంది కనుక పన్ను తీయడానికి గంట ముందు యాంటీబయాటిక్ కూడా ఉండాలన్నారు. పంటి నొప్పికి డైక్లోఫెనాక్ వద్దు, పారాసెటమాల్ చాలు. అన్నిటికంటే ముఖ్యంగా, పంటి చీముకు మనవైపు అలవాటుగా రాసే మెట్రోనిడజోల్ అసిట్రోమ్‌తో కలిస్తే ఐఎన్ఆర్‌ని ఆకాశానికెత్తేస్తుంది. అది రాస్తే ఊరుకోవద్దన్నారు. తర్వాత వేరే డాక్టరు రాసిన చీటీలో అదే ఉంది, మరిది చూసి మార్పించాడు.

హైదరాబాదులో శుక్లం ఆపరేషన్ చేయించుకున్న మా బాబాయికి కూడా రక్తం పల్చబడే మందు ఆపలేదు. రక్తనాళాలు లేని చోట చేసే పని అది, చాలామందికి ఆపాల్సిన అవసరమే ఉండదు.

అసిట్రోమ్ ఆపక తప్పని ఆపరేషన్లు వేరే ఉన్నాయి. వార్ఫరిన్ అయితే అయిదు రోజుల ముందు, అసిట్రోమ్ తొందరగా దిగిపోతుంది కాబట్టి రెండు మూడు రోజుల ముందు. అమెరికాలో అసిట్రోమ్ అమ్మరు, ఇక్కడి డాక్టర్లు చాలామంది దాని పేరే వినలేదు. అత్తయ్య ఇక్కడికి వచ్చిన ఆరు నెలలూ సరిపడా మందు సంచిలో తెచ్చుకున్నారు. మాత్ర పేరు, అది వార్ఫరిన్ జాతిదని, ఐఎన్ఆర్ ఎంత ఉండాలో, కవాటం ఏ రకమో ఒక కార్డు మీద రాసి ఆవిడ పాస్‌పోర్టులో పెట్టాను. ఐఎన్ఆర్ గొడవలేని మీ ఆయన మాత్రే నాకూ రాయించరాదా అమ్మాయ్ అని ఆవిడ అడిగారు. లోహపు కవాటాల మీద ఆ కొత్త రకం మందుల్లో ఒకదాన్ని వాడి చూసిన ప్రయత్నం, 2013లో ప్రచురించిన అధ్యయనం, గడ్డలూ రక్తస్రావాలూ రెండూ పెరగడంతో మధ్యలోనే ఆగిపోయింది. ఆవిడకి ఐఎన్ఆరే దిక్కు.

ఇప్పుడు ఆవిడకి పిత్తాశయంలో రాళ్లు, లాప్రోస్కోపీ చేయాలంటున్నారు. ఈసారి అసిట్రోమ్ ఆపక తప్పదు. 2015 పరిశోధనలో లోహపు కవాటాలున్న వాళ్లను చేర్చుకోలేదు, అందుకే ఆ ఇంజెక్షన్ అక్కర్లేదనే మాట ఆవిడకి వర్తించదు. ముందే చేర్పించి హెపారిన్ ఇస్తామని గుండె డాక్టరుగారు చెప్పారు. అసిట్రోమ్ ఆపే తేదీ, హెపారిన్ చివరి డోసు ఏ గంటకో, ఆపరేషన్ తర్వాత అసిట్రోమ్ మొదలయ్యే తేదీ, ఐఎన్ఆర్ ఎంత వచ్చేదాకా ఇంజెక్షన్ కొనసాగించాలో, ఈ నాలుగూ ఒకే కాగితం మీద సర్జన్‌గారి, గుండె డాక్టరుగారి సంతకాలతో అడగమని మరిదికి చెప్పాను. మూడింటికి జవాబులు వచ్చాయి. నాలుగోది కూడా రాయించుకునే తేదీ ఖాయం చేస్తానన్నాడు.