లేవు, తెలియవు

మా బావగారు ఉద్యోగ విరమణ చేసి రెండేళ్ళయింది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, మడతలు పెట్టిన దినపత్రిక కాగితం ఒకటి సంచీలోంచి తీసి నా ముందు పరిచారు. ఒక బ్యాంకు వారి వేలం ప్రకటన. కూకట్‌పల్లిలో రెండు పడక గదుల ఫ్లాటు. కనీస ధర 42 లక్షలు. బ్యాంకుకు రావలసిన బాకీ 61 లక్షలు.

"బయట అరవైకి తక్కువ లేదట. అంతా బాగానే ఉంది గానీ, 42 పెట్టి మనం కొంటే తక్కిన 19 లక్షలు ఎవరు కట్టాలోయ్? మన నెత్తిన పడతాయా?"

నవ్వబోయి ఊరుకున్నాను. ఆయన భవిష్యనిధి సొమ్మంతా ఆ ప్రశ్నలో ఉంది.

2002 నాటి సర్ఫేసీ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. వేలంలో వచ్చిన సొమ్ము బాకీకి చాలకపోతే, ఆ తరుగు కోసం బ్యాంకు అప్పు తీసుకున్నవారి మీద ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఎక్కువ వస్తే, ఖర్చులూ బాకీ పోను మిగిలినది హక్కుదారులకు తిరిగి ఇవ్వాలి. కొన్నవాడికి ఆ అంకెతో పని లేదు. పైగా అది నోటీసు ఇచ్చిన నాటి అంకె. దాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

"మరింకేం!" అన్నారు బావగారు.

ఇంకేమిటన్నది ప్రకటన అడుగున, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది. "ఆస్తిపై ఇతర భారములు: తెలియవు." ఆస్తి మీద తమకు తెలిసిన భారాలను బ్యాంకు ప్రకటనలో చెప్పాలని నిబంధన. తెలిసినవి మాత్రమే సుమా! 'లేవు' అనడానికీ 'తెలియవు' అనడానికీ మధ్య ఉన్న దూరమంతా కొనుగోలుదారు నడవవలసిందే. ఆ పక్కనే "ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోట ఉన్నట్టుగా" అన్న మంత్రం కూడా చదివేశారు. అంటే పత్రికలో అచ్చయిన బాకీ మనది కాదు. మనకు తగిలే బాకీలు పత్రికలో అచ్చు కావు.

కనుక వాటిని వెతుకుతూ బయలుదేరాం. మొదట ఈసీ తీయించాం. అందులో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనబడతాయి. దస్తావేజులు కుదువబెట్టి, ఆ సంగతి రిజిస్టరు చేయించకుండా తెచ్చిన అప్పు ఉంటే దాని జాడ ఈసీలో ఉండదు. అటువంటి తనఖాల నమోదు కోసమే 2011లో సెర్సాయి వచ్చింది. స్వల్ప రుసుము కట్టి అక్కడ వెతికితే, ఈ బ్యాంకు పేరు ఒక్కటే కనిపించింది. బావగారు ఊపిరి పీల్చుకున్నారు.

తరువాత ఇంటిపన్ను. వడ్డీతో కలిపి 28,400 బకాయి. తరువాత అపార్టుమెంటు సంఘం కార్యదర్శి. ఆయన మమ్మల్ని చూసి ఎంతో సంతోషించి, కుర్చీలు వేయించి, నెలకు 3,500 చొప్పున మూడేళ్ళది, 1,26,000 అని లెక్క చూపించాడు. "కొన్నవారే కట్టాలండీ" అన్నాడు, అప్పుడే రసీదు పుస్తకం తీసేటట్టుగా.

మిగిలింది కరెంటు. పాత బాకీ తీర్చనిదే కొత్త యజమానికి సరఫరా ఇవ్వబోమని, నిబంధనలు అనుమతించినచోట, విద్యుత్ సంస్థ అనవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బిల్లు చూడాలంటే సర్వీసు నంబరు కావాలి. దాని కోసం మూడో అంతస్తుకు ఎక్కాం.

తలుపు తీసినావిడకు నలభై ఏళ్ళుంటాయి. మేమెవరమో చెప్పకముందే గ్రహించింది. "మీరూ వేలం గురించేనాండీ?" అని అడిగి, కూర్చోమని మంచినీళ్ళు ఇచ్చింది. సర్వీసు నంబరు అడగడానికి నాకు నోరు రాలేదు. బావగారే అడిగారు. ఆవిడ లోపలికి వెళ్ళి బిల్లుల కట్ట తెచ్చి చేతికిచ్చింది. అన్నీ కట్టేసినవే.

"ఇదొక్కటీ మానలేదండీ. పాప ఇంటరు" అంది.

బ్యాంకు స్వాధీనం కాగితం మీదనే ఉందనీ, తామింకా ఇల్లు ఖాళీ చేయలేదనీ, ట్రిబ్యునల్‌లో తమ దరఖాస్తు నడుస్తోందనీ కూడా ఆవిడే చెప్పింది. బ్యాంకు అధికారి మాకు చెప్పని సంగతులవి.

మెట్లు దిగుతూ లెక్క కూడాను: 1,54,400. అది పెద్ద మొత్తం కాదు. కానీ వేలంలో గెలిస్తే మరుసటి పనిదినం లోపల నాలుగో వంతు, ఖరారైన పదిహేను రోజుల్లో తక్కినదంతా కట్టాలి. ఆ తరువాత తీర్పు కోసమో తాళంచెవి కోసమో ఎన్నాళ్ళు ఎదురు చూడాలో ఏ లెక్కకూ అందదు. కట్టలేక మానుకుంటే కట్టిన సొమ్ము పోతుంది. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదోయ్" అంటూ బావగారు కాగితం మడిచేశారు.

ఆ ఫ్లాటు 44 లక్షలకు పోయిందని ఆమధ్య కార్యదర్శి ఫోనులో చెప్పాడు. 61లోంచి 44 పోతే 17 లక్షలు. బావగారి మొదటి ప్రశ్న అప్పుడు గుర్తుకు వచ్చింది. అది కొన్నవారి నెత్తిన పడదని నేను ధైర్యం చెప్పాను కదా! ఎవరి నెత్తిన పడుతుందో కూడా నాకు ఆనాడే తెలుసు. చట్టంలో చదివాను. మంచినీళ్ళు తాగినాక మాత్రం అది చట్టంలా తోచడం లేదు.