వాన లెక్కల చిట్టా

కాకినాడలో కూర్చుని మంచు సంగతి మాట్లాడతాడేమిటని నవ్వకండి. మా ఊళ్లో మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున తలకు తువ్వాలు చుట్టించేది, అంతకుమించి మేమెరగం. అయినా మన వానకూ హిమాలయాల మంచుకూ చుట్టరికం ఉందని 1884లోనే బ్లాన్‌ఫర్డ్ దొరగారు రాశారు. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు ఆయనే మొదటి అధికారి. కొండల మీద మంచు మరీ ఎక్కువగా పడిన ఏడు నైరుతి వానలు వెనకబడతాయని ఆయన అభిప్రాయం. ఆ ఆలోచన మీదనే 1886 జూన్ 4న మన దేశంలో వానకాలపు మొదటి జోస్యం వెలువడింది.

అయితే మంచును కొలవటం మాటలు కాదు. పొద్దున్న మూరెడున్నది తనంతట తనే కుంగిపోతుంది. కొలకర్రను పదడుగులవతల పాతితే, గాలి పోగేసిన కుప్ప మరో లెక్క చెబుతుంది. కర్ర మార్చిన సంగతి రాసిపెట్టకపోతే, నూరేళ్ల తరవాత చదివేవాడు మంచే తగ్గిందనుకుంటాడు.

ఇదంతా నాకు చెప్పింది మా అన్నయ్యగారమ్మాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం చదువుతోంది. పోయిన వేసవి సెలవుల్లో మా జిల్లాలోనే ఒక ఊరి పాత వాన లెక్కల నకళ్లు సంచీడు తెచ్చి నా ముందు పోసింది.

"బాబాయ్! ముప్ఫయ్యేళ్లు జమాఖర్చులు రాసిన చెయ్యి మీది. ఈ పద్దులు కాస్త సరిచూసి పెట్టండి" అంది.

పెన్షను పుచ్చుకుంటూ ఖాళీగా ఉన్నవాణ్ణి. కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను.

పాత పద్దులు అంగుళాల్లో, కొత్తవి మిల్లీమీటర్లలో ఉన్నాయి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కనుక ఆ చిక్కు గుణకారంతో తీరింది. వాన లేని రోజుకు ఒక గుమాస్తా సున్నా చుట్టాడు. తరవాతి ఆయన చిన్న గీత గీశాడు. ఆ గీతకు వాన పడలేదని అర్థమా, ఎవరూ చూడలేదని అర్థమా? కొన్నేళ్లపాటు ఆదివారాలన్నీ పొడి, సోమవారాలన్నీ తడి! వరుణదేవుడికి కూడా ఆదివారం సెలవు కాబోలనుకున్నాను. సెలవు దేవుడికి కాదు, కొలిచేవాడికి. రెండు రోజుల నీళ్లూ సోమవారం ఉదయం ఒక్క పద్దులో పడేవి.

అంతకన్నా లోతైన తేడాకు మా అమ్మాయి మరో ఉపాయం చూపింది. పక్క ఊళ్ల వానను ఏటికేడు కూడుకుంటూ ఒక వైపూ, ఈ ఊరి వానను అలాగే మరో వైపూ పెట్టి చుక్కలు కలిపితే గీత ఇంచుమించు తిన్నగా సాగాలి. ఒక ఏడు దగ్గర వంగి అలాగే పోయిందంటే, మారింది ఆకాశం కాకపోవచ్చు. మా గీత వంగింది. ఆ ఏటి కాగితం అంచున ఎవరో పుణ్యాత్ముడు "వర్షమాపకం వెనక దొడ్లోకి మార్చబడినది" అని రాసిపెట్టాడు. చెట్టూ గోడా ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో ఉండాల్సిన పాత్ర, దొడ్లో వేపచెట్టు చాటున చేరింది. గీత ఎంత వంగిందో లెక్కగట్టి సవరించాం.

మేమిద్దరం వాదులాడుకున్నది మాత్రం 1996 నవంబరు దగ్గర. 6వ తేదీ రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగాయి. ఆ రాత్రి మా పెంకుటిల్లు ఊగుతుంటే పిల్లల్ని మంచం కింద దాచినవాళ్లం మేము. తీరా చూస్తే ఈ కాగితాల్లో ఆ మూడు రోజులూ ఖాళీ!

"పక్క ఊళ్ల లెక్కను బట్టి అంచనా వేస్తాను" అంది.

"చూడని వానకు పద్దు రాస్తే దొంగలెక్క కాదుటమ్మా?"

"ఖాళీగా వదిలితే ఎవరో సున్నా అనుకుంటారు బాబాయ్. రేపు వంతెన కట్టే ఇంజనీరు ఈ అంకెలే చూస్తాడు. ఆ రాత్రి వానే లేదనటం అంతకన్నా పెద్ద దొంగలెక్క కాదూ?"

నాకు జవాబు తోచలేదు. చివరికి మా ఆఫీసు పద్ధతే కుదిరింది. పాత అంకెల్ని కొట్టెయ్యలేదు. ఖాళీని ఖాళీగానే ఉంచాం. పక్కన వేరే గడి గీసి, అందులో అంచనా వేసిన అంకె, ఎందుకు వేశామో, ఏ ఊళ్లను బట్టి వేశామో, తేదీతో సహా రాశాం. మా సవరణ తప్పని రేపెవరైనా తేల్చినా, అసలు పద్దు అక్కడే ఉంటుంది.

మీ ఇళ్లలోనూ తాతగారి పంచాంగాల అంచుల్లో "ఈరోజు పెద్దవాన, కాలవ పొంగింది" వంటి రాతలుంటాయి. అటక దులిపేటప్పుడు పాతకాగితాలవాడికి వేసెయ్యకండి. ఏ ఖాళీ గడికి అది సాక్ష్యం చెబుతుందో ఎవరికి తెలుసు!