డిజర్వ్

ప్లేస్‌మెంట్ మెయిల్ వచ్చిన రోజు మా క్లాస్ వాట్సాప్ గ్రూపు నిండా ఒకటే మాట: "యూ డిజర్వ్ ఇట్ మామా!" ఫోన్ నాన్నకి చూపించా. చదివి, "డిజర్వ్ అంటే ఏంద్రా?" అన్నాడు. "అర్హత ఉండటం" అన్నాను గానీ నాకే తృప్తి అనిపించలేదు. రాత్రి కూర్చొని వెతికా.

లాటిన్‌లో 'సెర్వుస్' అంటే బానిస, 'సెర్వీరే' అంటే సేవ చేయడం. దానికి ముందు 'డే' చేరితే మనసు పెట్టి, పూర్తిగా సేవ చేయడం. తర్వాత్తర్వాత అది సేవ చేసి సంపాదించుకోవడం అయింది. ఫ్రెంచ్ మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మనం తిట్టుకునే కాలేజీ సర్వర్, సర్వీస్, సర్వెంట్ అన్నీ దీని చుట్టాలే. భోజనం చివర తినే డెజర్ట్ కూడా! వడ్డించినవి తీసేయడం అని దాని అసలు అర్థం.

మేముండేది రాంగోపాల్‌పేట్‌లో. దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేరు మీద వచ్చిన పేట. ఎంజీ రోడ్డు మీద గడియారం ఉన్న పాత పోలీస్ స్టేషన్ ఆయన కట్టించిందే. 'దివాన్ బహదూర్' అనేది బ్రిటిష్ వాళ్లు సేవలకి మెచ్చి ఇచ్చిన బిరుదు. అంటే అచ్చంగా డిజర్వ్!

మా నాన్న ఆ గడియారం ముందు నుంచే రోజూ రాణీగంజ్‌లో ఒక షాపుకి వెళ్లేవాడు. 23 ఏళ్లు లెక్కలు రాశాడు. షాపు మూసేసిన రోజు సగం నెల జీతం, ఒక స్వీట్ డబ్బా చేతిలో పెట్టారు. లాటిన్ లెక్కన చూస్తే మా ఇంట్లో డిజర్వ్ చేసింది నేను కాదు.

నానమ్మ మాత్రం "మీ నాయన నోచుకోలే బిడ్డా" అంటది. నోచుకోవడం నోము నుంచి వచ్చిన మాట. నోము నోస్తేనే ఫలం. పేపర్లో "మరమ్మతుకు నోచుకోని రోడ్డు" అని రాస్తారు చూడండి, పాపం తప్పంతా నోము పట్టని ఆ రోడ్డుదే అన్నట్టు! కాంట్రాక్టర్ ఊసే ఉండదు. అందుకే నానమ్మ మాట నాకు నచ్చదు.

పొద్దున ఇదంతా నాన్నకి చెప్పా. మొత్తం విని, "సేవ చేస్తే సరిపోదురా, ఇచ్చేటోడు గూడ ఉండాలె" అన్నాడు. తర్వాత నా ఆఫర్ లెటర్ రెండు జిరాక్స్‌లు తీయించుకొచ్చి కరెంటు బిల్లుల ఫైల్లో పెట్టాడు.

గ్రూపులో నేనింకా ఎవరికీ థాంక్స్ చెప్పలేదు.