బ్రనోలో సీడు పత్తి

వియన్నాలో రైలెక్కితే గంటన్నరలో బ్రనో. స్టేషన్ నుంచి ట్రాములో, మెండెల్ పేరు పెట్టుకున్న కూడలిలో దిగాను. ఎర్ర ఇటుకల పాత చర్చి, దాన్ని ఆనుకుని ఆగస్టినియన్ మఠం. మ్యూజియం తర్వాత చూడొచ్చనుకుని నేరుగా తోటలోకి నడిచాను. నేను వచ్చింది ఆ నేల చూడ్డానికి.

ఈ మఠంలో సన్యాసిగా ఉన్న మెండెల్ బఠాణీలు వేసిన మడి 35 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. మా లెక్కలో రెండున్నర గుంటలు కూడా లేదు. ఆయన వాడిన గాజుగది పునాదులు ఇంకా ఉన్నాయి. ఆ రాళ్ళ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

మాది గద్వాల పక్క పల్లె. పదేళ్ళప్పుడు సీడు పత్తి చేలో, విత్తన కంపెనీలకు హైబ్రిడ్ గింజలు తయారుచేసే క్రాసింగుకు వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆడ చెట్ల మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని వెతికేవాళ్ళం. బొటనవేలి గోటితో రేకుల్నీ కేసరాల్నీ ఒలిచేసి, నడిమి కీలం మాత్రం మిగిల్చి, గుర్తుకు ఎర్ర కాగితం పెట్టేవాళ్ళం. తెల్లారి మగ చెట్ల పూలు తెచ్చి దానికి పుప్పొడి రాయడం. చిన్న వేళ్ళయితే మొగ్గ చెడదని మమ్మల్ని పిలిచేవారు. ఆ నెలల్లో పోయిన బడి నాకు మళ్ళీ దొరకలేదు.

1856లో ఇక్కడ మెండెల్ మొదలుపెట్టిందీ ఈ పనే. బఠాణీ పువ్వు విచ్చుకోకముందే తన పుప్పొడి తనకే అంటించుకుంటుంది. అందుకని ఆయన లేత మొగ్గ విప్పి, పట్టకారుతో కేసరాలు తీసేసి, వేరే మొక్క పుప్పొడి అద్ది, సంచి తొడిగేవాడు. ఎనిమిదేళ్ళలో దాదాపు 28,000 మొక్కలు.

అమ్మ అప్పట్లో ఒక మాట అడిగేది: "మన చేతుల్తో పుట్టిచ్చిన గింజే గద బిడ్డా, మల్లేస్తే ఎందుకు పనికిరాదు?" కంపెనీవాళ్ళేదో కలిపారని ఊళ్ళో చాలామంది నమ్మేవాళ్ళు. జవాబు ఈ మడిలోనే ఉంది. గుండ్రటి గింజల రకాన్నీ ముడతల రకాన్నీ కలిపితే మొదటి తరమంతా గుండ్రటివే. వాటినే మళ్ళీ వేస్తే 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. పోయిందనుకున్న ముడత మూడింటికొకటిగా తిరిగొచ్చింది. మెండెల్ అక్కడితో ఆగలేదు. ఆ గుండ్రటి గింజల నుంచి 565 మొక్కలు పెంచితే 193 మాత్రమే నికార్సుగా నిలిచాయి, 372 మళ్ళీ ముడతల్ని బయటపెట్టాయి. పైకి ఒక్కలాగే కనిపించే గింజల్లో తాత గుణమో అవ్వ గుణమో దాగి ఉంటుందన్నమాట.

హైబ్రిడ్ పత్తిలో ఇలా విడిపోయే గుణాలు ఎన్నో. దాచిన గింజ వేస్తే చేను తలా ఒక తీరుగా లేస్తుంది, మొదటి తరంలోని ఊపు తగ్గుతుంది. 2002లో మన దేశానికి అనుమతితో వచ్చిన బీటీ జన్యువు మట్టిలోని బాక్టీరియా నుంచి తెచ్చి పత్తిలో పెట్టింది. అయినా ఒకసారి చెట్టులో చేరాక అదీ బఠాణీ ముడతలాగే ఈ లెక్కకే లొంగుతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికే అది ఉంటే, దాచిన గింజల్లో పావు వంతుకు పురుగును ఆపే ఆ జన్యువే ఉండదు. ఇంతటి సంగతిని రైతుకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం నన్నిప్పటికీ బాధిస్తుంది.

మా పెరట్లో అరటిపిలక తీసి నాటితే మాత్రం అదే కాయ, అదే రుచి. అక్కడ రెండో మొక్కతో కలయిక లేదు, తల్లే మళ్ళీ మొలుస్తుంది. 1996లో స్కాట్లండ్‌లో డాలీ గొర్రెపిల్లను పుట్టించింది కూడా ఈ దారినే, ఒక పెద్ద గొర్రె పొదుగు కణం నుంచి. అరటికి సహజమైనది అక్కడ 277 ప్రయత్నాల్లో ఒక్కసారి ఫలించింది.

మెండెల్ తన లెక్కల్ని 1865లో ఈ ఊళ్ళోనే రెండు సభల్లో చదివాడు. 1884లో పోయాడు. 1900లో గానీ లోకం వాటి విలువ తెలుసుకోలేదు.

తోటలోంచే అమ్మకు ఫోన్ చేసి అన్నీ చెప్పాను. ఓపిగ్గా విని, "ఆ సామి తన గింజలు తనే దాసి మల్లేసుకునేటోడా?" అంది.

"అవునమ్మా, ఏటేటా" అన్నాను.